చీటీ మేలా? తెర మేలా?

మధ్యాహ్న భోజనం అయ్యాక మీ బడిలో పళ్ళేలు కడుక్కునే చోటు ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. కుళాయిలు ఆరు ఉంటాయి. పిల్లలు మూడు వందల మంది. గంట కొట్టే వేళ దగ్గరపడుతూ ఉంటుంది. తోపులాట, చిమ్ముకునే నీళ్ళు, కింద బురద! "దీనికి మంచి ఏర్పాటు ఏమిటో మీరే ఆలోచించండి" అని మీ సైన్సు మాస్టారు ఆరుగురిని ఒకచోట కూర్చోబెట్టారనుకోండి. ఏం జరుగుతుంది?

గొంతు పెద్దగా ఉన్నవారు ముందు మాట్లాడతారు. "ఇంకో ఆరు కుళాయిలు పెట్టించాలి సార్!" అంటారు. రెండోవారు అదే మాట మళ్ళీ అంటారు. మూడోవారు "ఆరు చాలవు, పది కావాలి" అంటారు. ఇక చర్చంతా కుళాయిల లెక్క మీదే సాగుతుంది. ఓ మూలన కూర్చున్న అమ్మాయికి "కొత్త కుళాయిలు దేనికి? పొడవాటి గొట్టానికి వరసగా చిల్లులు పెడితే ఇరవైమంది ఒకేసారి కడుక్కోవచ్చు గదా!" అని తోచి ఉండవచ్చు. ఆమె వంతు వచ్చేలోగా గంట కొట్టేస్తారు. ఆ ఊహ ఆమెతోనే తరగతిలోకి వెళ్ళిపోతుంది.

అది మంచి ఊహో కాదో మనకు తెలియదు. పరీక్షించి చూద్దామంటే అసలు బయటికి రాలేదు గదా! నలుగురూ కలిసి ఒక వస్తువుకు గాని, ఒక ఏర్పాటుకు గాని రూపకల్పన చేసే ప్రతిచోటా ఇలాంటి నష్టం జరుగుతూనే ఉంటుంది. అది బడి కావచ్చు, కర్మాగారం కావచ్చు, పంచాయతీ కావచ్చు. మరి ఈ నష్టాన్ని తగ్గించే పనిముట్టు ఏది? నోటి మాటా, కాగితపు చీటీయా, కంప్యూటరు తెరా? ఎవరికి తోచింది వారు చెప్పి ఊరుకోకుండా, శాస్త్రజ్ఞులు దీనిమీద ప్రయోగాలు చేశారు. ఆ ప్రయోగాలు చాలా సరదాగా కూడా ఉంటాయి.

పాలసముద్రం చిలికినట్టు

అమెరికాలో అలెక్స్ ఆస్‌బార్న్ అనే ఆయన వ్యాపార ప్రకటనలు తయారుచేసే కంపెనీ నడిపేవాడు. కొత్త ఊహలు పుట్టించడమే ఆయన వృత్తి. నలుగురిని కూర్చోబెట్టి ఊహలు చెప్పించే ఒక పద్ధతిని ఆయన రూపొందించాడు. 1948లో వచ్చిన తన పుస్తకం ద్వారా దాన్ని ప్రచారం చేశాడు. దానికి ఆయన పెట్టిన పేరు 'బ్రెయిన్‌స్టార్మింగ్'. మనం 'మేధోమథనం' అంటున్నాం. మథనం అంటే చిలకడం. ఆస్‌బార్న్ నియమాలకు ఈ తెలుగు మాట భలేగా అతుకుతుంది. ఎందుకంటే ఆయన మొదటి నియమం: ఎంత పనికిమాలిన ఊహ వచ్చినా అప్పటికప్పుడు విమర్శించకూడదు. పాలసముద్రం చిలికినప్పుడు ముందు హాలాహలం వచ్చింది. అంతమాత్రాన చిలకడం మానలేదు గదా! మిగతా నియమాలు మూడు. వింత ఊహలు రానివ్వాలి, ఎన్ని వస్తే అంత మంచిది, ఒకరి ఊహకు మరొకరు మెరుగులు దిద్దవచ్చు.

నియమాలు మంచివే. అయితే 1953లో రాసిన మరో పుస్తకంలో ఆయన ఒక అడుగు ముందుకు వేశాడు. ఒక్కడే కూర్చుని ఆలోచించేదానికంటే, గుంపులో ఉన్నప్పుడు మామూలు మనిషికి రెట్టింపు ఊహలు వస్తాయని రాశాడు. ఇది లెక్కకు అందే మాట. లెక్కకు అందే మాటను పరీక్షించవచ్చు.

1958లో యేల్ విశ్వవిద్యాలయంలో టేలర్, బెరీ, బ్లాక్ అనే ముగ్గురు పరిశోధకులు ఆ పనే చేశారు. వారు ఇచ్చిన ప్రశ్నలలో ఒకటి మీకూ నచ్చుతుంది. "మనుషులందరికీ ప్రతి చేతికీ ఇంకొక బొటనవేలు ఉంటే వచ్చే లాభాలేమిటి? ఇబ్బందులేమిటి?" నలుగురేసి చొప్పున కొన్ని జట్లు కలిసి కూర్చుని ఆలోచించాయి. మరికొందరు ఎవరికి వారే ఒంటరిగా ఆలోచించారు. తర్వాత ఆ ఒంటరివాళ్ళలో నలుగురేసి జాబితాలను కలిపి, ఒకే ఊహ రెండుసార్లు వస్తే ఒకటిగా లెక్కించి, నిజమైన జట్ల జాబితాలతో పోల్చారు. ఎవరు గెలిచారు? ఒంటరివాళ్ళే! వాళ్ళ ఊహలు జట్ల ఊహలకు దాదాపు రెట్టింపు ఉన్నాయి. ఆస్‌బార్న్ చెప్పినదానికి ఇది సరిగ్గా తలకిందులు.

దొంగ ఎవరు?

ఇలా ఎందుకు జరిగింది? ముగ్గురి మీద అనుమానం వచ్చింది. ఒకటి బద్ధకం: "మిగతావాళ్ళు చెబుతారులే" అనుకోవడం. రెండోది భయం: "నవ్వుతారేమో" అనుకోవడం. మూడోది మనం సాధారణంగా పట్టించుకోనిది. అది వంతు కోసం ఎదురుచూడడం. ఒకేసారి ఒక్కరే మాట్లాడగలరు గదా!

1987లో జర్మనీకి చెందిన మిఖాయేల్ డీల్, వోల్ఫ్‌గాంగ్ స్ట్రోబె ఈ మూడింటినీ విడివిడిగా పరీక్షించారు. వారి ప్రయోగాలలో ఒకదాన్ని కాస్త వివరంగా చెబుతాను. శాస్త్రంలో ఒక కారణాన్ని మిగతావాటినుంచి ఎలా విడదీస్తారో దానిలో చక్కగా కనిపిస్తుంది. మనుషులను వేరువేరు గదులలో కూర్చోబెట్టి, ఊహలను మైకులో చెప్పమన్నారు. ఎదుట చిన్న దీపాలు పెట్టారు. కూడలిలో ఉండే ట్రాఫిక్ దీపాలలాంటివే. ఒకరు మాట్లాడుతుంటే మిగతావారి గదుల్లో ఎర్రదీపం వెలుగుతుంది. అది ఆరేదాకా వారు ఆగాలి. కొందరికి ఇతరుల మాటలు వినిపించేట్టు చేశారు. కొందరికి అసలు వినిపించకుండా చేశారు. ఇంకొందరికి "ఆ దీపాలను పట్టించుకోకండి, మీ ఇష్టం వచ్చినప్పుడు మాట్లాడండి" అని చెప్పారు.

దీపం కోసం ఆగవలసి వచ్చినవారందరికీ ఊహలు బాగా తగ్గిపోయాయి. ఇతరుల మాట ఒక్కటీ వినబడకపోయినా తగ్గాయి! దీపాలను పట్టించుకోనక్కరలేనివారికి మాత్రం తగ్గలేదు. బద్ధకం, భయం కూడా కొంత పనిచేస్తాయి గాని, అసలు దొంగ ఎదురుచూపే అన్నమాట.

మన మనస్సులో అప్పటికప్పుడు పట్టి ఉంచుకోగల విషయాలు చాలా తక్కువ. అది చిన్న పలకలాంటిది. తట్టిన ఊహను మరిచిపోకుండా పట్టుకుని కూర్చుంటే, ఆ పలక నిండిపోతుంది. రెండో ఊహకు చోటుండదు. పోనీ ఇతరుల మాటలు శ్రద్ధగా విందామా అంటే, మన ఊహ చెరిగిపోతుంది.

పరిష్కారం మీకు ఈపాటికి తోచే ఉంటుంది. పలకమీద ఉన్నదాన్ని వెంటనే ఎక్కడో ఒకచోట దించేయాలి. అందరూ ఒకేసారి దించగలగాలి. నోటితో అది కుదరదు. చేత్తో కుదురుతుంది.

కాగితం చేసిన మేలు

ఈ పనికి కాగితాన్ని రకరకాలుగా వాడారు. 1960ల చివరలో జర్మనీలో బెర్న్డ్ రోర్‌బాక్ ఒక పద్ధతి చెప్పాడు. ఆరుగురు కూర్చోవాలి. ఒక్కొక్కరు ఐదు నిమిషాలలో మూడు ఊహలు రాసి, కాగితం పక్కవారికి అందించాలి. పక్కవారు వాటిని చదివి, కింద మరో మూడు రాయాలి. అలా ఆరు విడతలు. అరగంటలో ఎన్ని ఊహలు వస్తాయో మీరే గుణించి చూడండి. నూటెనిమిది! ఎవరూ నోరు విప్పనక్కరలేదు.

జపానులో జిరో కవాకిత అనే మానవశాస్త్రవేత్త ఉండేవాడు. ఆయన నేపాల్ కొండల్లో తిరిగి, అక్కడి గ్రామాల జీవితాన్ని పరిశీలించాడు. పోగుచేసిన సమాచారం గుట్టలు గుట్టలుగా ఉంది. దాన్నెలా సర్దడం? ఒక్కో విషయాన్ని ఒక్కో చీటీ మీద రాశాడు. చీటీలన్నీ పరిచి, ఒకదానికొకటి దగ్గరగా అనిపించినవాటిని పక్కపక్కన చేర్చాడు. గుంపులు ఏర్పడ్డాక ఆ గుంపులకు పేర్లు పెట్టాడు. ముందే శీర్షికలు రాసుకుని వాటి కింద చీటీలను తోసే పద్ధతి కాదిది. జపానులో ఇంటి పేరు ముందు వస్తుంది కాబట్టి, కవాకిత జిరో పేరులోని మొదటి ఇంగ్లీషు అక్షరాలతో దీనికి 'కె.జె. పద్ధతి' అని పేరు వచ్చింది. తర్వాత నేపాల్ గ్రామస్థులే తమ సమస్యలను తాము పరిశీలించుకునేట్టు ఆయన తోడ్పడ్డాడు. ఫలితంగా ఆ ఊళ్ళకు మంచినీటి ఏర్పాట్లు, లోయల మీదుగా సరుకులు మోసే తాళ్ళ దారులు వచ్చాయి. ఇందుకు ఆయనకు 1984లో రామన్ మెగసెసె పురస్కారం లభించింది.

చీటీలకు ఒక చిక్కుంది. గాలికి ఎగిరిపోతాయి. జిగురు పెట్టి గోడకు అంటిస్తే మళ్ళీ ఊడి రావు. వస్తే చిరిగి వస్తాయి. అంటుకోవాలి, కాని అంటుకుపోకూడదు! అలాంటి జిగురు ఉంటుందా? అమెరికాలో 3ఎమ్ కంపెనీ రసాయన శాస్త్రజ్ఞుడు స్పెన్సర్ సిల్వర్ 1968లో చాలా గట్టి జిగురు కోసం ప్రయత్నిస్తుంటే, చాలా బలహీనమైన జిగురు తయారైంది. ఎందుకూ కొరగాదని దాన్ని పారేయలేదు. 1974లో అదే కంపెనీలోని ఆర్ట్ ఫ్రై, చర్చిలో పాడే పాటల పుస్తకంలోంచి గుర్తు కాగితాలు జారిపోతుంటే విసిగి, ఆ జిగురును గుర్తు తెచ్చుకున్నాడు. 1980లో 'పోస్ట్-ఇట్' అనే పేరుతో ఆ చీటీలు అమెరికా అంతటా అమ్మకానికి వచ్చాయి. ఇప్పుడు మన స్టేషనరీ దుకాణాల్లో రంగురంగుల కట్టలుగా దొరికేవి ఆ జాతివే.

అవి ఎలా పనిచేస్తాయి? మైదా జిగురు రాసినప్పుడు అది కాగితం అంతటా పరుచుకుంటుంది, కాగితపు నారల్లోకి ఇంకుతుంది. పట్టు గట్టిగా ఉంటుంది. సిల్వర్ జిగురు అలా పరుచుకోదు. అది కంటికి కనపడనంత చిన్న గోలీల్లాంటి ఉండలుగా ఉంటుంది. చదునైన గోడను గోలీ ఎంతమేర తాకుతుంది? ఒక చుక్కంత. తాకే వైశాల్యం తక్కువ, కాబట్టి పట్టూ తక్కువే. లాగితే ఊడి వస్తుంది. ఉండ పాడవదు కాబట్టి మళ్ళీ అంటుతుంది. కొన్నిసార్లయ్యాక ఎందుకు అంటదు? ఉండలకు దుమ్ము పడుతుంది. సున్నం వేసిన గోడమీద అయితే రెండోసారికే దాని పని అయిపోతుంది. ఇంకో చిన్న విషయం. కట్టలోంచి చీటీని కిందనుంచి పైకి లాగితే అది వంకర తిరుగుతుంది, గోడమీద తోకలా లేచి నిలబడుతుంది. పక్కనుంచి, జిగురు అంచు వెంట లాగి చూడండి. చదునుగా ఉంటుంది.

తెర వచ్చింది

సిల్వర్ జిగురు పుట్టిన 1968లోనే, డిసెంబరు 9న, శాన్ ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే ఇంజనీరు ఒక ప్రదర్శన ఇచ్చాడు. మీరు వాడే మౌస్‌ను ప్రజలు మొదటిసారి చూసింది ఆ రోజే. దానికంటే మన విషయానికి దగ్గరైనది మరొకటి ఉంది. దూరాన మరో ఊళ్ళో ఉన్న సహచరుడూ, తానూ ఒకే రాతను తమ తమ తెరల మీద చూస్తూ కలిసి పనిచేయడం ఆయన చూపించాడు.

1980లలో జిరాక్స్ కంపెనీ పరిశోధనాలయంలో 'కోలాబ్' అనే గదిని తయారు చేశారు. అందులో కూర్చున్న కొద్దిమంది కంప్యూటర్లన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉండేవి. ఎదుట ఒక పెద్ద తెర. ఎందుకు చేశారంటే, నల్లబల్లకు ఉన్న లోపాలు వారికి బాగా తెలుసు: చోటు చాలదు, కొత్తది రాయాలంటే పాతది చెరపాలి, రాసినదాన్ని అటూ ఇటూ జరపలేము.

ఇందులో ఒక పెద్ద చిక్కు వచ్చింది. తెరమీద వరసగా మూడు చీటీలున్నాయనుకోండి: గొట్టం, తొట్టి, వరస. మీరు అన్నిటికంటే ముందు 'వాలు' అనే చీటీ చేర్చారు. సరిగ్గా అదే క్షణంలో, వేరే ఊళ్ళో ఉన్న మీ స్నేహితుడు "మూడోది తీసెయ్" అని తన కంప్యూటరుకు చెప్పాడు. అతని ఉద్దేశం 'వరస'ను తీసేయాలని. ఆ ఆజ్ఞ మీ దగ్గరికి చేరేసరికి మీ తెరమీద మూడోది ఏది? 'తొట్టి'! అది ఎగిరిపోతుంది. ఇప్పుడు మీ తెరమీద ఒకటి, అతని తెరమీద ఇంకొకటి. 1989లో క్లారెన్స్ ఎల్లిస్, సైమన్ గిబ్స్ దీనికి దారి చూపారు. వచ్చిన ఆజ్ఞను ఉన్నదున్నట్టు అమలు చేయకుండా, ఈలోగా జరిగిన మార్పునుబట్టి సరిదిద్దాలి. ముందు ఒక చీటీ చేరింది కాబట్టి "మూడోది" అన్నదాన్ని "నాలుగోది"గా మార్చుకోవాలి. వినడానికి ఇంతే. పదిమంది ఒకేసారి చేతులు పెడితే ఎంత లెక్క అవుతుందో ఊహించండి. ఈ ఎల్లిస్ అమెరికాలో కంప్యూటరు శాస్త్రంలో పిహెచ్.డి. పొందిన మొట్టమొదటి నల్లజాతి శాస్త్రజ్ఞుడు.

తెర కూడా కాగితంలాగే ఎదురుచూపును పోగొడుతుంది. అందరూ ఒకేసారి టైపు చేయవచ్చు. 1991లో గాలూప్ అనే పరిశోధకుడూ ఆయన సహచరులూ కంప్యూటర్ల మీద ఊహలు రాసే జట్లను, నోటితో చెప్పే జట్లతో పోల్చారు. కంప్యూటరు జట్లకే ఎక్కువ ఊహలు వచ్చాయి. పైగా రాసింది ఎవరో తెలియకుండా చేయవచ్చు కాబట్టి, రెండో దొంగ అయిన భయం కూడా కొంత తగ్గుతుంది.

మరి తెరే గెలిచినట్టా? తొందరపడకండి.

కళ్ళు ఎటు చూస్తున్నాయి?

2020లో కరోనా వల్ల బడులూ ఆఫీసులూ మూతపడి, అందరూ తెరలముందు కూర్చున్నారు. 2022లో మెలానీ బ్రక్స్, జొనాథన్ లెవావ్ అనే ఇద్దరు పరిశోధకులు 'నేచర్' పత్రికలో ఒక ప్రయోగాన్ని ప్రకటించారు. ఇద్దరేసి జంటలుగా చేశారు. కొన్ని జంటలు ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చున్నాయి. మిగతా జంటలలో ఇద్దరూ వేరువేరు గదులలో ఉండి, వీడియోలో మాట్లాడుకున్నారు. విసిరి ఆడే ఫ్రిస్బీ పళ్ళెంలాంటి ఒక మామూలు వస్తువును కొత్తగా ఎన్నెన్ని విధాల వాడవచ్చో ఐదు నిమిషాలలో చెప్పాలి. గదిలో కావాలనే కొన్ని వస్తువులు ఉంచారు. సొరుగుల బీరువాలాంటి మామూలువి కొన్ని, గిన్నెనిండా నిమ్మకాయల్లాంటి వింతవి కొన్ని. మనుషుల చూపు ఎటు పోతున్నదో పరికరంతో కొలిచారు.

తెరమీద మాట్లాడుకున్న జంటలకు తక్కువ ఊహలు వచ్చాయి. వాళ్ళ చూపు తెరమీది ముఖానికే అతుక్కుపోయింది. గదిలో ఏమేమి ఉన్నాయో తర్వాత అడిగితే వాళ్ళకు తక్కువ గుర్తున్నాయి. గదంతా చూసినవారికి ఎక్కువ ఊహలు తట్టాయి. చూపు ఇరుకైతే ఆలోచనా ఇరుకవుతున్నదన్నమాట! ఐదు దేశాలలో ఒక కంపెనీకి చెందిన 1,490 మంది ఇంజనీర్లతో చేసిన ప్రయోగంలోనూ ఇదే కనిపించింది. వాటిలో దక్షిణాసియా కూడా ఉంది. కాని వచ్చిన ఊహలలో మంచిదాన్ని ఎంచుకోవడంలో తెరమీది జంటలు ఏమీ తీసిపోలేదు.

నేను తరగతిలో పిల్లలను చూస్తూ వచ్చినదాన్నిబట్టి నాకు ఇది ఆశ్చర్యం కలిగించలేదు. ఏదైనా అడిగితే పిల్లలు కిటికీలోంచి బయటకి చూస్తారు. "అటేం చూస్తున్నావ్?" అని మేము గదమాయిస్తాం. వాళ్ళు ఆలోచిస్తున్నారని ఇప్పుడు ప్రయోగాలే చెబుతున్నాయి!

ఈ ప్రయోగాలన్నీ కలిపి చూస్తే, "చీటీయా తెరా" అన్న ప్రశ్నే కాస్త మారిపోతుంది. చీటీ అయినా తెర అయినా, ఎదురుచూపు లేకుండా అందరూ ఒకేసారి రాయగలిగితే సగం పని అయినట్టే. మిగతా సగం చూపుది. అందుకని నేనైతే కుళాయిల సమస్యను తెరముందు మొదలుపెట్టను. జట్టును కుళాయిల దగ్గరికే తీసుకువెళ్ళి, అక్కడే నిలబడి పది నిమిషాలు మాట్లాడకుండా చీటీలు రాయమంటాను. బురదనూ, గొట్టాన్నీ, నేల వాలునూ చూస్తూ రాసే ఊహ వేరు.

జిగురు చీటీలే కొననక్కరలేదు. ఒకవైపు వాడిన కాగితాలు, పాత శుభలేఖల వెనుకవైపు ముక్కలు చాలు. నేలమీద పరిచి, ఒక్కోదానిమీద ఒక చింతపిక్క పెట్టండి. ఫ్యాను ఆపడం మరవకండి!

తెర ఎక్కడ కావాలి? జట్టులో ఒకరు జ్వరంతో ఇంట్లో ఉన్నప్పుడు, పక్క ఊరి బడితో కలిసి పనిచేస్తున్నప్పుడు, రెండు వందల చీటీలను దాచిపెట్టవలసి వచ్చినప్పుడు అది తప్పనిసరి. చూపు సరిగా లేనివారికి అక్షరాలు పెద్దవి చేసి చూపించడం కాగితం చేయలేని పని. వచ్చిన ఊహలను వడకట్టి, ఎంచుకునే పనికీ అది బాగానే సరిపోతుంది. మీ తరగతిలో నల్లబల్ల పక్కన డిజిటల్ బోర్డు ఉంటే, పరిచిన చీటీలను ఫోటో తీసి దానిమీద చూపించి చర్చించండి. ఐతే తెరమీద ఉన్నది శాశ్వతం అనుకోకండి. చాలామంది ఉపాధ్యాయులు వాడిన గూగుల్ 'జామ్‌బోర్డ్' 2024 డిసెంబరు 31తో ముగిసిపోయింది.  కాగితానికి చెదలున్నట్టు తెరకూ చెదలున్నాయి.

మీరూ చేసి చూడండి

మీ తరగతిలో ఆరుగురేసి మూడు జట్లు తయారుచేయండి. మూడు సమస్యలు తీసుకోండి: కుళాయిలు, సైకిళ్ళు పెట్టే చోటు, వానాకాలంలో ప్రార్థనా సమావేశం. ఒక సమస్యకు నోటి మాట (ఒకరు రాసుకోవాలి), ఒకదానికి చీటీలు, ఒకదానికి కంప్యూటరు గానీ డిజిటల్ బోర్డు గానీ వాడండి. ఒక్కోదానికి సరిగ్గా పది నిమిషాలు. మొదటి జట్టు కుళాయిలను నోటితో చేస్తే, రెండోది చీటీలతో, మూడోది తెరమీద చేయాలి. మిగతా రెండు సమస్యలకూ ఇలాగే మార్చండి. ప్రతి జట్టూ ప్రతి పద్ధతినీ ఒక్కసారి వాడి ఉండాలి. లేకపోతే, ఫలితం పద్ధతి వల్ల వచ్చిందా, జట్టు తెలివి వల్ల వచ్చిందా, సమస్య తేలిక కావడం వల్ల వచ్చిందా చెప్పలేరు.

తర్వాత రెండు లెక్కలు వేయండి. ఒకటి, ఒకేలాంటివి తీసేస్తే మిగిలిన ఊహలెన్ని? రెండు, ఆరుగురిలో ఒక్క ఊహ కూడా నమోదు కానివారు ఎందరు? రెండో లెక్క కోసం పేర్లు అడగవద్దు. ఒక్కొక్కరు ఒక గుర్తు ఎంచుకుని, రాసిన ప్రతి ఊహ పక్కనా దాన్ని పెట్టాలి: చుక్క, గీత, సున్నా, త్రికోణం, గుణకారం గుర్తు, చదరం. నోటి మాట జట్టులో రాసేవారే ఆ గుర్తు వేస్తారు. ఏ గుర్తు ఏ పద్ధతిలో ఎన్నిసార్లు వచ్చిందో పట్టిక గీయండి.